రెండో వానాకాలం దాటని జట్టు

మా జట్టు ఆడింది ఒక వానాకాలం మొత్తం, ఇంకో వానాకాలంలో సగం. ఇప్పుడు యాంగోన్ అంటున్న మా రంగూన్‌లో ఫుట్‌బాల్ వానల్లోనే ఆడేవారు. ఎండాకాలంలో మైదానం ఇటుకలా గట్టిపడిపోతుంది. వానలు పడ్డాక చీలమండ దాకా బురద, అందులో పడితే దెబ్బ తగలదు. అంతకు మించిన కారణం నాకెవరూ చెప్పలేదు.

నేను ఆటగాణ్ణి కాను. నాలుగో తరగతితో బడి మానేసి, రంగూన్ బజారు పేట పబేడాన్‌లో ఒక మసాలా దినుసుల దుకాణంలో తూకాలు రాస్తూ లెక్క నేర్చుకున్నవాణ్ణి. భిన్నాలు, శాతాలు, సరాసరులు నాకు ఎవరూ నేర్పలేదు. అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి కూడబలుక్కున్నాను. తప్పు చేస్తే దుకాణం యజమాని అరిచేవాడు, అరిస్తే అర్థమయ్యేది. అంచేత వీధిలో ఎవరికి ఏ లెక్క కావాలన్నా నా దగ్గరికి వచ్చేవారు. జట్టు పెట్టినప్పుడు పాయింట్ల పట్టిక చూసే పని కూడా నాకే వచ్చింది.

ఆడింది మా తమ్ముడు. మైదానంలో కుడి అంచున ఆడేవాడు. సన్నగా ఉండేవాడు, బురదలో కూడా పరుగెత్తగలిగేవాడు.

ఆ రోజుల్లో ప్రభుత్వ శాఖలన్నిటికీ ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. ఆటగాళ్ళ పేర్లు ప్యూన్లనీ, కాపలాదార్లనీ, సామాను మోసేవాళ్ళనీ హాజరు పట్టీలో ఉండేవి. మనుషులు మాత్రం మైదానంలో ఉండేవారు. ఒక శాఖకి జట్టు లేదు. పక్క శాఖకి ఉండి తమకి లేకపోవడం ఆ శాఖ పెద్దలకి నామోషీ అనిపించింది. రేవు రోడ్డు పక్కన ఖాళీ జాగాలో మా వీధి కుర్రాళ్ళు ఆడుతుంటే వాళ్ళ అధికారి ఒకాయన చూశాడు. బర్మా ఆయన, మర్యాదస్తుడు. మేము ఆయన్ని 'సయా' అనేవాళ్ళం. అక్కడ పంతులుగారినీ, డాక్టరుగారినీ, అధికారినీ అందరినీ ఆ మాటతోనే పిలుస్తారు. సయా మా జట్టుని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడు. అందరికీ తాత్కాలికం మీద కొలువు, నెలకి జీతం. రెండు సీజన్లు పూర్తిగా ఆడి, రెండో డివిజన్ నించి కిందికి దిగిపోకుండా నిలబడితే అందరినీ పర్మినెంటు చేయిస్తానన్నాడు.

ఈ మాట మా ఇంట్లో ఎలా పడిందో చెప్పాలి. మా తాత విశాఖ వైపు నించి ఓడ సరుకు మొయ్యడానికి వచ్చాడు. ఆయన రోజుకూలీ. నాన్న రోజుకూలీ. నేను దుకాణంవాడు ఉండమన్నంతకాలం ఉండేవాణ్ణి. నాన్నకి విదేశీయుల కార్డు ఉండేది, మేం ఇక్కడే పుట్టినా మేమెవరో ఏ కాగితమూ తేల్చలేదు. పర్మినెంటు ఉత్తర్వు వస్తే దానిమీద తమ్ముడి పేరు, హోదా, శాఖ ముద్ర ఉంటాయి. అది పట్టుకుని ఏ ఆఫీసులోనైనా నిలబడొచ్చు. నాన్న అప్పటికే పోయాడు. అమ్మ ఆ రెండు సీజన్ల కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. ఆవిడకి ఫుట్‌బాల్‌లో బంతి చేత్తో పట్టుకోకూడదని మాత్రమే తెలుసు.

శాఖ కొలువులిచ్చింది కానీ చొక్కాలివ్వలేదు. గుడ్డ కోటా రాలేదన్నారు. మా కెప్టెను, వరసకి మాకు బావ, పూర్వం రేవులో ముఠాలు నడిపిన మేస్త్రీ మనవడు. వాడు పబేడాన్‌లో సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చిన పాత బట్టల బేళ్ళు అమ్మేవాడి దగ్గర ఒక మూట బేరమాడి తెచ్చాడు. మా అరుగు మీదే విప్పాడు. అన్నీ ఒకే రకం చొక్కాలు, ముదురు ఎరుపు, దోమతెరలాగా సన్నని చిల్లుల గుడ్డ. లోపల పట్టీ మీద ఇంగ్లీషులో ఫుట్‌బాల్ అని ఉంది.

"సూడండ్రా," అన్నాడు బావ. "అమిరికా ఫుట్‌బాలు జట్టువి. గెలిసినోళ్ళవే అయ్యుంతాయి. ఓడిపోయినోళ్ళ సొక్కాలు ఇంత దూరం ఎవుడు పంపుతాడు?"

తమ్ముడు ఒకటి తొడుక్కుని చూశాడు. భుజాల కుట్టు మోచేతుల దగ్గరికి వచ్చింది. "ఏటి బావా ఇది. మనిసికి కుట్టారా, ఎడ్లబండికి కుట్టారా?"

మా గోల్‌కీపరు ఒక బర్మా కుర్రాడు. మా వీధిలోనే పెరిగాడు కాబట్టి మాకంటే బాగా మా తెలుగు మాట్లాడేవాడు. "అమిరికావోళ్ళు అలగే ఉంతారు," అన్నాడు. "మరి రోజూ మాంసం తింతారు. నువ్వేటి తింతావు, పప్పుసారు."

చొక్కాల మీద నంబర్లు ఒకటి నించి పదకొండు దాకా లేవు. ఇరవై రెండు, ముప్పై అయిదు, అరవై నాలుగు, డెబ్బై అయిదు, ఎనభై ఒకటి, అలా చెదురుమదురుగా ఉన్నాయి. వరస ఏదీ నాకు దొరకలేదు. తీసివేతలు చేసి చూశాను, దొరకలేదు. బావకి మాత్రం చూడగానే అర్థమైపోయింది.

"ఇవి బిల్ల నంబర్లురా," అన్నాడు.

పాత రోజుల్లో రేవులో ప్రతి కూలీకీ ఇత్తడి బిల్ల ఉండేది, జబ్బకి కట్టుకునేవారు. గుమాస్తా మనిషిని పేరుతో పిలిచేవాడు కాదు, బిల్ల నంబరుతో పిలిచేవాడు. తాతలు పోయారు, బిల్లలు కూడా ఎక్కడెక్కడో పోయాయి, నంబర్లు మాత్రం ఇళ్ళలో మిగిలాయి. మా వీధిలో ఇంటిపేరు అడిగితే తడుముకునేవాళ్ళున్నారు కానీ తాత బిల్ల నంబరు తెలియనివాళ్ళు లేరు. మాది చివర డెబ్బై అయిదు. అందువల్ల మమ్మల్ని 'డెబ్బై అయిదోళ్ళు' అనేవారు. ఆ పూట చొక్కాలన్నీ అలాగే పంచుకున్నారు, బిల్లలో చివరి రెండంకెలు చూసి. సరిపోనివాళ్ళు దగ్గరగా ఉన్న నంబరు తీసుకున్నారు. అమెరికాలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు కూడా ఏదో రేవులో కూలీలనీ, జట్టంటే ఒక మేస్త్రీ కింద ఉండే ముఠా అనీ మేమందరం అనుకున్నాం. అనుకున్నాం అనడం కూడా సరికాదు. ఇంకోలా ఉంటుందని మాకు తోచలేదు.

వీధిలో ఆడవాళ్ళు భుజాలు కత్తిరించి లోపలికి కుట్టారు. మొదటి ఆటకి రిఫరీ మా వరస వైపు చూసి, "ఇవేం నంబర్లు?" అని బావని అడిగాడు. బావ, "మా తాతలవి," అన్నాడు. రిఫరీ కాసేపు ఆలోచించి కాగితం మీద అలాగే రాసుకున్నాడు.

ఆ సీజనంతా నాకు పట్టికతో సరిపోయింది. గెలిస్తే రెండు పాయింట్లు, సమం అయితే ఒకటి. ఆఖరి మూడు జట్లు కింది డివిజన్‌కి పోతాయి. ఏ జట్టు ఎవరితో ఆడాలి, ఎవరు ఎవరిని ఓడిస్తే మనకి మంచిది అని ప్రతివారం లెక్కకట్టి బావకి చెప్పేవాణ్ణి. మాతో సంబంధం లేని రెండు జట్ల ఆటలో గోల్ పడితే కూడా మా వీధిలో నిట్టూర్చేవాళ్ళుండేవారు. అంతా నా లెక్కల వల్లే. వాళ్ళకి లెక్కలో నమ్మకం కలిగింది. నాకు ముందునించీ ఉంది.

ఆ సీజను మధ్యలోనే, ఎనభై ఏడులో, నోట్లు రద్దయ్యాయి. ఒక పొద్దున రేడియోలో చెప్పారు, డెబ్బై అయిదు, ముప్పై అయిదు, ఇరవై అయిదు క్యాట్ల నోట్లు ఇక చెల్లవని. బదులు ఏమీ ఇవ్వరట. పబేడాన్‌లో దుకాణాలు తలుపులు మూసేశాయి. మా యజమాని గల్లాపెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాడు, నన్ను ఇంటికి పొమ్మన్నాడు. ఆ సంగతి అందరికీ ఒకటే కాబట్టి విడిగా చెప్పుకునేందుకు ఏమీ లేదు.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆటలో తమ్ముడు బంతితో కుడిపక్క నించి పరుగెడుతున్నాడు. వీపుమీద జానెడు పొడవు అంకెలు. జనంలోంచి ఎవరో బర్మాలో కేక వేశారు. "డెబ్బై అయిదు వస్తోంది. ఎవరూ పట్టుకోకండి, చెల్లదు."

"ముప్పై అయిదుకి ఇస్తున్నాడు చూడు," అన్నాడు ఇంకొకడు. "రెండూ కలిపినా టీ రాదు."

"బ్యాంకుకి పట్టుకెళ్ళండయ్యా ఇద్దర్నీ."

"బ్యాంకువాడు తీసుకుంటాడా? వాడి దగ్గరే బస్తాలున్నాయి."

జనం పడి పడి నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు నవ్వారు. నేనూ నవ్వాను. తమ్ముడికి కూడా నవ్వొచ్చి బంతి వదిలేశాడు.

సయా నవ్వలేదు. ఆట అయ్యాక బురద కాళ్ళతో నిలబడ్డవాళ్ళ దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు. "వచ్చే ఆటకి ఆ రెండు నంబర్లు నాకు కనబడకూడదు. స్టాండులో ఎవరు కూర్చుంటున్నారో మీకు తెలియదు. నాకూ తెలియదు."

"మా తాత బిల్ల అది, సయా," అన్నాడు తమ్ముడు.

"మీ తాత మంచివాడే అయ్యుంటాడు. పర్మినెంటు కాగితం మీద సంతకం ఆయన పెట్టడు."

తమ్ముడు ఇంటికొచ్చి చొక్కా మార్చననీ, వేరే చొక్కా వేసుకోననీ, అసలు ఆడననీ అన్నాడు. అమ్మ బియ్యం ఏరుకుంటూ అంతా విన్నది.

"నీకు ఉజ్జోగం కావాలా, బిల్ల కావాలా?"

"రెండూ కావాలి."

"రెండూ ఇచ్చి మర్యాద చెయ్యడానికి ఇదేటి మీ అత్తోరిల్లా? ఆ సొక్కా ఇలా తే."

పాత లోపలి లంగా అంచులోంచి ఒక తెల్లపీలిక కత్తిరించింది. అయిదంకె కింద సున్న ఎడమపక్కన తెరిచి ఉంటుంది కదా, అక్కడ ఆ పీలిక నిలువుగా పెట్టి కుట్టేసింది. డెబ్బై అయిదు డెబ్బై ఆరయింది. ముందొకటి, వెనకొకటి. ముప్పై అయిదు నంబరు కుర్రాడు కూడా వచ్చి ముప్పై ఆరు చేయించుకుపోయాడు. నాకు లెక్క వచ్చు కానీ అయిదుకీ ఆరుకీ తేడా ఒక్క పుల్లంత అని అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు.

తమ్ముడు చొక్కా పట్టుకుని చూశాడు. "డెబ్బై ఆరోళ్ళెవరే అమ్మా, మన ఈదిలో?"

"మనెనకింట్లో ఉండీవోరు. మనోళ్ళంతా ఇండియా ఓడలెక్కినప్పుడు ఆళ్ళూ ఎక్కేసారు. నువ్వు పుట్టక ముందు."

"ఎల్లిపోయినోళ్ళ నంబరా నాకు?"

"ఆళ్ళు ఎలాగా ఆడరు కదా. ఆళ్ళ తరపున ఆడు," అంది అమ్మ. మళ్ళీ బియ్యం ముందుకు లాక్కుంది.

ఆ సీజను చివర మేము దిగిపోకుండా బయటపడ్డాం. మాకూ మా కింది జట్టుకీ పాయింట్లు సమానం. ఒక్క గోల్ తేడా. ఆ గోల్ తమ్ముడు వేసింది కాదు, ఎదటి జట్టువాడు పొరపాటున తన గోల్‌లోనే కొట్టుకున్నది. లెక్కకి అన్నీ ఒకటే. సయా వచ్చి అందరి భుజాలూ తట్టాడు. "సగం అయింది," అన్నాడు. అమ్మ ఆ మాట విని ఒక కొబ్బరికాయ కొట్టించింది.

తర్వాతి వానలు అప్పుడే మొదలయ్యాయి. ఊళ్ళో అక్కడక్కడా గొడవలు అవుతున్నాయని వింటున్నాం. అయినా దుకాణాలు తెరుస్తున్నారు, ఆటలు జరుగుతున్నాయి. ఒక సాయంత్రం రేవు పక్క జాగాలో మావాళ్ళు సాధన చేస్తుంటే ఒక అమెరికా ఆయన టాక్సీ ఆపించి దిగాడు. ఏభై ఏళ్ళుంటాయి, చేతిలో గొడుగు, మెళ్ళో కెమెరా. అప్పట్లో బయటిదేశం వాళ్ళని వారం రోజులకి మించి ఉండనిచ్చేవారు కాదు, అందుకని వాళ్ళు ఎక్కడా ఆగకుండా తిరిగేవారు. ఈయన మాత్రం గొడుగు కింద కదలకుండా నిలబడి మా కుర్రాళ్ళనే చూశాడు. దుకాణంలో వచ్చిన ఇంగ్లీషు నాకు కొంచెం ఉంది. దగ్గరికి వెళ్ళాను.

"ఈ చొక్కాలు ఎక్కడివి?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన నవ్వాడు, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి వాళ్ళ ఊరి జట్టువట. ఆ జట్టు లేకుండా పోయి పన్నెండేళ్ళు దాటిందట. మళ్ళీ ఆ చొక్కా చూస్తాననుకోలేదట.

టీ దుకాణంలో కూర్చున్నాం, ఆయన, నేను, తమ్ముడు, బావ, గోల్‌కీపరు. ఆయన చెప్పింది ముక్కముక్కగా మావాళ్ళకి తిప్పి చెప్పాను. ముందు ఆయన చెప్పింది, అది మేమనుకునే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకుని పరుగెడతారు. చొక్కా లోపల భుజాలకి దిండ్లు కట్టుకుంటారు. బావ మొహం కొంచెం వాడింది.

"సేత్తో పట్టుకున్నాక దాన్ని ఫుట్‌బాలు అనడం దేనికి?" అన్నాడు.

"అందుకే దిండ్లు," అన్నాడు గోల్‌కీపరు. "ఆ పేరుకి సిగ్గుపడి ఎవుడైనా కొడతాడని."

జట్టు కథ చిన్నది. వాళ్ళ దేశంలో ఆ ఆటకి పెద్ద లీగు ఒకటి అప్పటికే ఉంది. డబ్బున్నవాళ్ళు కొందరు కలిసి ఇంకో లీగు పెట్టారు. పెద్ద లీగు ఎప్పుడూ పట్టించుకోని ఊళ్ళు కొన్ని ఏరుకున్నారు. అందులో ఈయన ఊరు ఒకటి. ఊరంతా సంతోషించింది, ఈయన సీజను మొత్తానికి ముందే టికెట్టు కొనుక్కున్నాడు. పెద్ద లీగు ఆదివారాలు ఆడుతుంది కాబట్టి వీళ్ళు బుధవారం సాయంత్రాలు పెట్టుకున్నారు. గీత దాటి బంతి పెడితే పాతవాళ్ళు ఆరు పాయింట్లు ఇచ్చేవారు, వీళ్ళు ఏడు చేశారు.

"బుధవారం సాయంత్రమా?" అన్నాడు గోల్‌కీపరు. బర్మావాళ్ళకి బుధవారం రెండు ముక్కలు. మధ్యాహ్నం దాకా బుధుడిది, ఆ తర్వాత రాహువుది. "రాహువు ఏళ మొదలెట్టి ఏటి బాగుపడతారు? ఆళ్ళ ఊళ్ళో అడగడానికి ఎవరూ నేరేటి?"

అది నేను ఆయనకి ఇంగ్లీషులో చెప్పబోయి వదిలేశాను. నాకు ఏడు పాయింట్ల సంగతి పట్టుకుంది. ఏడు, వేరే రకాలుగా వచ్చే మూడు, రెండు, వీటితో ఏ మొత్తాలు వస్తాయి, ఏవి రావు అని లోపల కూడుకుంటున్నాను. అది నా అలవాటు. ఎదటివాడు బాధ చెప్పుకుంటున్నా అందులో అంకెలు ముందు వినపడతాయి.

తొలి ఆటలకి స్టేడియం నిండిపోయిందట. తర్వాత తెలిసింది, ఆ వచ్చినవాళ్ళలో చాలామందికి టికెట్లు ఊరికే పంచారని. మా ఆటలకి శాఖ గుమాస్తాలని లారీల్లో ఎక్కించి తెచ్చేవారు, చప్పట్లు కొట్టడానికి. అందుచేత ఆ భాగం మాకు తేలిగ్గానే అర్థమైంది. సీజను సగానికి వచ్చేసరికి ఆటగాళ్ళకి జీతాలు ఆలస్యమయ్యాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. అయినా ఆడారు. రెండో ఏడు కొత్త యజమాని వచ్చాడు. ఆ ఏడు మధ్యలో ఒకరోజు లీగు మొత్తాన్నే మూసేశారు. బాకీలవాళ్ళు చొక్కాలు కూడా పట్టుకుపోయారు. అవి చేతులు మారి మారి పబేడాన్ దాకా ఎలా వచ్చాయో ఆయనకి తెలియదు, మాకూ తెలియదు.

నాకు తెలియాల్సింది ఒకటే. "మూసేనాటికి మీ జట్టు పట్టికలో ఎక్కడుంది?" అని అడిగాను.

"పైన," అన్నాడు. "అందరికంటే పైన. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు."

దాన్ని మావాళ్ళకి తెలుగులో చెప్పాను. చెప్పాక కూడా నా మనసు అక్కడే ఉండిపోయింది. పైనున్న జట్టుకి ఏమీ కాకూడదు. పాయింట్లు ఉంటే చాలు, మిగతాదంతా వాటి వెనకే వస్తుందని నేను ఒక ఏడాదిగా మా వీధికి చెబుతున్నాను. పట్టికే లేకుండా పోతే పాయింట్లు ఏ గడిలో రాసుకోవాలో నా లెక్కలో ఎక్కడా లేదు.

తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. "అడుగన్నా, ఆటగాళ్ళేమైపోయారో."

అడిగాను. ఒకడు బడిలో పాఠాలు చెబుతున్నాడట, ఒకడు లారీ నడుపుతున్నాడట, ఒకడు కార్లు అమ్మాడట. చాలామంది ఎక్కణ్ణించి వచ్చారో అక్కడికే వెళ్ళిపోయారు. బకాయి జీతాలు ఎవరికీ అందలేదు.

"ఆళ్ళది ప్రైవేటు," అన్నాడు తమ్ముడు. "షావుకారికి నష్టమొస్తే మూసేస్తాడు. మనది గవర్మెంటు టీము. గవర్మెంటేటి, మూసేస్తారేటి?"

బావ తలూపాడు. నేనూ ఊపాను. ఆ మాటలో లెక్కకి తప్పేమీ కనబడలేదు.

పోయేముందు ఆయన ఒక చొక్కా కొంటానన్నాడు, డాలర్లు తీశాడు. బావ ఆయన చెయ్యి మర్యాదగా వెనక్కి నెట్టాడు. "ఆదివారం ఆట ఉందండీ. సొక్కా మీకిస్తే ఒకడు ఒట్టి ఒంటితో ఆడాల," అన్నాడు. నేను చెబితే ఆయన అందరినీ నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. పంపుతానన్నాడు. ఆ నెల తర్వాత ఊళ్ళోకి ఉత్తరాలే సరిగా రాలేదు, అందుకని ఆయన్ని అనడానికి లేదు.

ఆ సీజను మొదట్లో మావాళ్ళు నిజంగానే బాగా ఆడారు. ఆగస్టు వచ్చేసరికి మాకు ఇంకో మూడు పాయింట్లు వస్తే చాలు, ఎవరేం చేసినా దిగిపోము. ఇంకా చాలా ఆటలు మిగిలి ఉన్నాయి. ఆ లెక్క నేను మూడు రకాలుగా చేసి చూసుకున్నాను. అమ్మకి కూడా చెప్పాను. "అయితే అయిపోయినట్టే కదరా," అంది. అయిపోయినట్టేనన్నాను.

ఆ తర్వాత ఊరు ఆగిపోయింది. ప్రభుత్వం దిగిపోవాలని ఊరేగింపులు, వాటి మీద కాల్పులు, కర్ఫ్యూ. పబేడాన్‌లో అన్ని దుకాణాలూ మూసేశారు. ఆఫీసుల్లో గుమాస్తాలు కూడా వీధుల్లోకి వచ్చేశారు. బస్సులు లేవు. బియ్యం దొరికిన రోజున దొరికేవి. ఏ ఇంట్లో ఎవరు తిరిగిరాలేదో ఒకరినొకరు అడగడం మానేశాం. అమ్మ మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. తమ్ముడు వెనకసందులో గోడకేసి బంతి కొట్టుకునేవాడు, చప్పుడైతే అమ్మ లోపలికి పిలిచేసేది.

"వచ్చే వారం మొదలవుద్ది," అనేవాడు. ఆ వారం కాకపోతే ఆ పై వారం అనేవాడు. వాడికి నోటితో చెప్పకపోయినా నేనూ ప్రతి వారం కొత్తగా లెక్కకట్టుకునేవాణ్ణి, ఇన్ని వారాల్లో ఇన్ని ఆటలు పడతాయా అని. వారానికి రెండేసి పెడితే పడతాయి. తర్వాత మూడేసి పెడితే పడతాయి. ఆ తర్వాత ఎలా పెట్టినా పట్టలేదు. మైదానంలో సైన్యం లారీలు నిలబడ్డాయని గోల్‌కీపరు చూసొచ్చి చెప్పాడు. వానలు వెనకబట్టాయి.

సైన్యం పగ్గాలు తీసుకుని ఆఫీసులు మళ్ళీ తెరిపించిందని తెలిశాక కొన్నాళ్ళు ఆగి, తమ్ముడూ నేనూ ఆఫీసులుండే చౌక్తడా పేటలో సయా ఆఫీసుకి నడిచి వెళ్ళాం. బావ రాలేదు. వాడికి అప్పటికే ఆశ పోయింది. తమ్ముడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కొత్త లుంగీ వేసుకున్నాడు. దారి పొడుగునా గోడల మీది నినాదాలు కనబడకుండా కొత్తగా సున్నం వేసి ఉంది. మెట్ల దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్రాడు మమ్మల్ని తడిమి చూసి పైకి పంపాడు.

సయా చిక్కిపోయాడు. ఆయన గదిలో ఇప్పుడు ఇంకో బల్ల కూడా ఉంది, దాని వెనక ఎవరూ లేరు, కుర్చీకి మాత్రం యూనిఫారం కోటు తగిలించి ఉంది. సయా దాని వైపు చూస్తూ చూస్తూ మాతో మాట్లాడాడు. టీ తెప్పించాడు.

"జట్టు లేదు," అన్నాడు. "తాత్కాలికం వాళ్ళందరినీ తీసేశారు. మీ ఒక్కరినే కాదు, ఈ అంతస్తులోనే చాలామందిని."

తమ్ముడు టీ ముట్టుకోలేదు. "మేం రెండు సీజన్లు ఆడితే పర్మినెంటు అన్నారు, సయా."

"అన్నాను. ఒకటిన్నర ఆడారు."

"తక్కిన సగం మేం మానలేదు కదండీ. మేం దిగిపోలేదు కూడా. మూడు పాయింట్లు చాలు మాకు. అన్న లెక్కకట్టాడు."

సయా నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆయనలో. కళ్ళు మాత్రం రాత్రుళ్ళు నిద్రలేనివాడి కళ్ళలా ఉన్నాయి. "నువ్వు లెక్కలవాడివి కదా. ఒకటిన్నరని రెండుగా ఎలా రాయాలో చెప్పు. రాస్తాను. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో కూడా చెప్పు."

నేను నిజంగానే ఆలోచించాను. పక్క సంఖ్యకి సవరించి రాసే పద్ధతి ఉంది. దుకాణంలో అర వీశె పైబడితే అలాగే చేసేవాళ్ళం, దాన్ని యజమాని కూడా ఒప్పుకునేవాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కుర్చీకి వేలాడుతున్న కోటు చూశాను. సయాకి ఇంకా ఇద్దరు చిన్నపిల్లలున్నారని మాకు తెలుసు.

"ఆ పద్ధతి ఏదీ లేదు, సయా," అన్నాను.

ఆయన తలూపి, బల్ల మీద ఉన్న టీ గ్లాసు తమ్ముడి వైపు జరిపాడు. తమ్ముడు అది నిలబడే తాగేశాడు. ఆయనకి నమస్కారం పెట్టాడు. బర్మా పద్ధతిలో కొంచెం వంగి, రెండు చేతులూ జోడించి పెట్టాడు. ఆయన కూడా లేచి నిలబడ్డాడు. తన కింద పనిచేసి పోయేవాళ్ళకి ఆ శాఖలో ఎవరూ లేచి నిలబడరు.

బయటికి వచ్చి ఇంటి దారి పట్టాం. ఎండ బాగా ఉంది. ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మేవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు.

"ఏటైనా అనాల్సింది నువ్వు," అన్నాడు తమ్ముడు నడుస్తూ.

"ఏమనమంటావురా?"

"ఏటో ఒకటి. నీకు లెక్కొచ్చు కదా." తర్వాత తనే అన్నాడు, "ఆయన మాత్రం ఏటి సేస్తాడులే. పద. అమ్మ అన్నం పెట్టుకు కూకుంటాది."

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కంచాలు వేసి ఉంచింది. వాడి మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. ఇద్దరికీ అన్నం వడ్డించి, వాడికి ఒక గరిటె ఎక్కువ వేసి, "ఏటన్నాడు ఆయన?" అంది.

"ఇంక ఆట నేదన్నాడు," అన్నాడు తమ్ముడు.

"సరే, తిను," అంది అమ్మ.

వాడు తిన్నాడు. తింటూనే, ట్వంటే కాలవ పడవల మీద కుండలెక్కించడానికి మనుషులు కావాలంటున్నారని, బావకి తెలిసినవాడొకడున్నాడని చెప్పాడు. అమ్మ ఎంత పొద్దున్నే లేవాలని అడిగింది. వాడు చెప్పాడు. మర్నాడు ఆవిడ ఆ వేళకి లేచి వాడికి అన్నం మూట కట్టి ఇచ్చింది.